మన ఎంపీ మన కోసం ఏం అడిగారు? రికార్డు చూసే పద్ధతి, ఉత్తరం రాసే పద్ధతి

నిజ్వా, ఫిర్క్, బిర్కత్ అల్ మౌజ్, ఇజ్కీ, బహ్లా వైపు పనిచేసే మన తెలుగువాళ్లకు కష్టం వస్తే నోట్లోంచి వచ్చే మొదటి మాట ‘ఎంబసీకి పోదాం’. రెండో మాట ‘ఊళ్లో మావాళ్లతో ఎంపీకి చెప్పిస్తా’. ఎంబసీ ఎక్కడుందో, ఫిర్యాదు ఎలా పెట్టాలో చాలామందికి తెలుసు. ఎంపీకి చెప్పించడం మాత్రం ఎక్కువసార్లు మాటగానే ఆగిపోతుంది. ఎవరికి చెప్పాలి, ఏం అడగాలి, ఆయన చేసిందీ లేనిదీ ఎలా తెలుసుకోవాలి? ఈ సంచికలో అవే చూద్దాం.

నేను చదివింది కామర్స్. మాకు నేర్పిన మొదటి పాఠం: నోటి లెక్క లెక్క కాదు, పుస్తకంలో రాసిందే లెక్క. ప్రజాప్రతినిధి పనికి కూడా ఒక పద్దు పుస్తకం ఉంది. అది తాళం వేసిన బీరువాలో లేదు. మీ చేతిలో ఉన్న ఫోన్‌లోనే చూడొచ్చు, పైసా ఖర్చు లేదు.

ముందుగా, మన ప్రతినిధి ఎవరు?

ఆంధ్రప్రదేశ్‌కు లోక్‌సభలో 25 సీట్లు, తెలంగాణకు 17. రాజ్యసభలో ఆంధ్రకు 11, తెలంగాణకు 7. అసెంబ్లీలో ఆంధ్రకు 175 మంది, తెలంగాణకు 119 మంది ఎమ్మెల్యేలు. మీ పాస్‌పోర్టులో ఉన్న ఊరు ఏ మండలం, ఏ అసెంబ్లీ నియోజకవర్గం, ఏ పార్లమెంటు నియోజకవర్గం కిందికి వస్తుందో ముందు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. చాలామంది ఇక్కడే తడబడతారు. జిల్లా పేరు, పార్లమెంటు నియోజకవర్గం పేరు అన్నిచోట్లా ఒకటి కావు.

ఎవరి పని ఏదో కూడా తెలుసుకోవాలి. పాస్‌పోర్టు, ఎంబసీ, వలస చట్టం, విదేశాంగ శాఖ ఇవన్నీ కేంద్రం పనులు. వీటికి ఎంపీ దగ్గరికి వెళ్లాలి. శవపేటిక హైదరాబాద్ విమానాశ్రయానికి వచ్చాక అంబులెన్స్, చనిపోయినవారి కుటుంబానికి రాష్ట్రం ఇచ్చే సాయం, కలెక్టర్ ఆఫీసులో ఆగిన ఫైలు ఇవి రాష్ట్రం పనులు. వీటికి ఎమ్మెల్యే. ఒకరి పని ఇంకొకరి దగ్గరికి తీసుకెళ్తే మర్యాదగా కూర్చోబెట్టి పంపిస్తారు, అంతే.

పద్దు పుస్తకం ఎక్కడుంది?

పార్లమెంటుకు ‘సంసద్ డాట్ ఇన్’ అనే వెబ్‌సైటు ఉంది. అందులో సభ్యుల జాబితాలోకి వెళ్లి మీ ఎంపీ పేరు నొక్కితే ఆఫీసు చిరునామా, ఈమెయిలు, ఏ కమిటీలో ఉన్నారు అన్నీ కనిపిస్తాయి. ఆయన అడిగిన ప్రశ్నలు, మంత్రి ఇచ్చిన జవాబులు, సభలో మాట్లాడిన మాటలు కూడా అక్కడే దొరుకుతాయి. పీఆర్ఎస్ అనే సంస్థ వెబ్‌సైటులో హాజరు శాతం, ప్రశ్నల సంఖ్య, పాల్గొన్న చర్చల సంఖ్య ఒకే పేజీలో పెడతారు. ఎన్నికలప్పుడు ఇచ్చిన ఆస్తుల, కేసుల అఫిడవిట్ ఎన్నికల సంఘం దగ్గర ఉంటుంది. అదీ అందరూ చూడొచ్చు.

ప్రశ్నల్లో రెండు రకాలున్నాయి. చుక్క గుర్తు ఉన్నదానికి మంత్రి సభలో నిలబడి నోటితో జవాబు చెప్పాలి. దానిమీద వెంటనే అనుబంధ ప్రశ్న వేయొచ్చు. చుక్క లేనిదానికి రాతలో జవాబు వస్తుంది. లోక్‌సభలో ఒక రోజుకు చుక్క ప్రశ్నలు 20, చుక్క లేనివి 230 వరకు తీసుకుంటారు. ప్రశ్నోత్తరాల సమయం ఉదయం 11 గంటలకు, అంటే మన ఒమన్ టైము 9:30కి మొదలవుతుంది. విదేశాంగ శాఖ వంతు లోక్‌సభలో ఈ మధ్య శుక్రవారం వస్తోంది. మనలో చాలామందికి సెలవు రోజే కదా. బట్టలు ఉతుక్కుంటూనో, వంట చేసుకుంటూనో సంసద్ టీవీ పెట్టుకుని వినొచ్చు.

వెతికేటప్పుడు ఎంపీ పేరుతోపాటు ‘గల్ఫ్’, ‘ఒమన్’, ‘ప్రవాస కార్మికులు’, ‘విదేశాల్లో భారతీయులు’ అనే మాటలకు ఇంగ్లీషు పదాలు వేసి చూడండి. జవాబులు ఇంగ్లీషులో, హిందీలో ఉంటాయి. రూములో చదువుకున్న కుర్రాడు ఒకడుంటే చాలు, పది నిమిషాల పని.

అంకె చూసి తొందరపడొద్దు

ఇక్కడ ఒక జాగ్రత్త. మీ ఎంపీ పేరు పక్కన ప్రశ్నలు సున్నా అని కనిపించిందనుకోండి. ‘ఐదేళ్లు నిద్రపోయాడు’ అని వాట్సాప్ గ్రూపులో పెట్టేయకండి. కేంద్ర మంత్రులు ప్రశ్నలు అడగరు, జవాబులు చెప్పే వైపు కూర్చుంటారు. హాజరు రిజిస్టరులో సంతకమూ పెట్టరు. 2024 జూన్‌లో ఏర్పడిన కేంద్ర మంత్రివర్గంలోకి శ్రీకాకుళం, నరసాపురం, గుంటూరు, కరీంనగర్, సికింద్రాబాద్ ఎంపీలు వెళ్లారు. వీటిలో శ్రీకాకుళం, నరసాపురం, కరీంనగర్ నుంచి గల్ఫ్‌కు వచ్చినవాళ్లు మన క్యాంపుల్లో, ఇళ్లల్లో ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు. మంత్రి అయిన ఎంపీని కొలవాలంటే ప్రశ్నల సంఖ్య పనికిరాదు. ఆయన తన తోటి మంత్రికి రాసిన ఉత్తరం, తన శాఖలో చేసిన పని చూడాలి.

అలాగే 300 ప్రశ్నలు అడిగిన ఎంపీ అంతా మన కోసమే అడిగారనీ కాదు. అందులో వలస కార్మికుల మీద ఎన్ని? వాటికి వచ్చిన జవాబు తర్వాత మళ్లీ అడిగారా? అసలు లెక్క అక్కడుంది.

జవాబు చదవడం కూడా ఒక విద్య. ‘ప్రభుత్వం కట్టుబడి ఉంది’ అంటే ఏమీ చెప్పనట్టే. ‘సమాచారం సేకరిస్తున్నాం’, ‘పరిశీలిస్తాం’ అన్నారంటే ఆ మాటకు విలువ ఉంది. అలాంటి మాటలను సభ ‘హామీ’గా లెక్కలో రాసుకుంటుంది. మూడు నెలల్లో నెరవేర్చాలని నియమం. నెరవేరిందో లేదో చూడటానికి ప్రభుత్వ హామీల కమిటీ అని ఒకటి ఉంది. కాబట్టి అలాంటి జవాబు కనపడితే తేదీ రాసుకోండి. మూడు నెలల తర్వాత ‘ఆ హామీ ఏమైంది సార్?’ అని ఎంపీని అడగడానికి మీకు గట్టి ఆధారం దొరికినట్టే.

పసుపు రైతులు నేర్పిన పాఠం

ప్రతినిధి మాటను రికార్డుతో ఎలా కట్టేయాలో తెలియాలంటే నిజామాబాద్ చూడండి. ఆర్మూర్, బాల్కొండ, బోధన్ వైపు అన్నలకు ఈ కథ తెలిసిందే.

2014 నుంచి 2019 వరకు నిజామాబాద్ ఎంపీగా ఉన్న కల్వకుంట్ల కవిత పసుపు బోర్డు కావాలని ఢిల్లీలో అడిగారు. బోర్డు రాలేదు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో రైతులు గుంపులుగా నామినేషన్లు వేశారు. మొత్తం 185 మంది అభ్యర్థులు బరిలో మిగిలారు, అందులో 170 మందికి పైగా రైతులే. ఒక్కో పోలింగ్ కేంద్రంలో ఓటింగ్ యంత్రానికి 12 బ్యాలెట్ యూనిట్లు పెట్టాల్సి వచ్చింది. దేశమంతా పసుపు గురించి మాట్లాడింది. ఆ ఎన్నికల్లో ధర్మపురి అర్వింద్, గెలిచిన ఐదు రోజుల్లో బోర్డు తెస్తానని బాండ్ పేపర్ మీద రాసిచ్చారు. గెలిచారు. ఐదు రోజుల్లో బోర్డు రాలేదు. ఆ బాండ్ పేపర్‌ను రైతులు, ప్రతిపక్షాలు ఏళ్ల తరబడి చూపిస్తూనే ఉన్నారు. 2023 అక్టోబర్ 1న మహబూబ్‌నగర్ సభలో ప్రధాని జాతీయ పసుపు బోర్డు ప్రకటించారు. 2025 జనవరి 14న బోర్డు ప్రారంభమైంది, ప్రధాన కార్యాలయం నిజామాబాద్‌కే వచ్చింది. అర్వింద్ 2024లో మళ్లీ గెలిచారు.

‘మాట నిలబెట్టుకున్నారు’ అనేవాళ్లున్నారు. ‘ఐదు రోజులన్నది ఐదేళ్లు దాటింది’ అనేవాళ్లూ ఉన్నారు. ఏది సరైందో మీరే తేల్చుకోండి, పార్టీ గొడవ మనకొద్దు. మనం చూడాల్సింది ఏమిటంటే, రైతులు ‘మమ్మల్ని ఆదుకోండి’ అని అడగలేదు. ఒక్క కోరిక, ఒక్క పేరు, ఒక్క తేదీ అడిగారు. అందుకే వచ్చిందీ రానిదీ అందరికీ కనపడింది.

అవే ఊళ్ల నుంచి గల్ఫ్‌కు వచ్చిన మనం ఏం అడుగుతున్నాం? ‘గల్ఫ్ కార్మికులను పట్టించుకోండి’ అంటున్నాం. దానికి ‘తప్పకుండా’ అని చెప్పి ఎవరైనా పోవచ్చు. కొలవడానికి వీల్లేని కోరికకు కొలవడానికి వీల్లేని జవాబే వస్తుంది.

మన కోరికలు కొలిచేలా అడిగితే ఎలా ఉంటాయి?

*ఒకటి, ఇన్సూరెన్స్.* పదో తరగతి పాస్ కాని ఈసీఆర్ పాస్‌పోర్టు వాళ్లు ఎమిగ్రేషన్ క్లియరెన్స్‌తో రావాలంటే ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. ప్రీమియం రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షలు. కానీ సైటు మీద ఎండకు కుప్పకూలి, గుండె ఆగి పోయినవాడి కాగితంలో ‘సహజ మరణం’ అని రాస్తే ఆ 10 లక్షలు రావు. ఎంపీకి వేయదగ్గ ప్రశ్న ఇది: సహజ మరణాన్ని కూడా ఈ బీమాలో కలపాలని మీరు అడిగారా? ఎప్పుడు అడిగారు? మంత్రి ఏమన్నారు?

*రెండు, ఇంటిపనికి వచ్చే ఆడవాళ్లు.* ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న 30 ఏళ్ల లోపు మహిళలకు ఒమన్ లాంటి దేశాల్లో ఉద్యోగానికి క్లియరెన్స్ ఇవ్వరు. రక్షణ కోసమే ఈ నియమం పెట్టారు. కానీ ఏజెంట్లు విజిట్ వీసా మీద తీసుకొస్తున్నారు. అలా వచ్చినవాళ్లకు రిజిస్టరైన కాంట్రాక్టు లేదు, బీమా లేదు. పైగా 2023లో వచ్చిన ఒమన్ కార్మిక చట్టం పరిధిలోకి ఇంటిపనివాళ్లు రారు, వాళ్లకు వేరే నిబంధనలు. అంటే రెండు దేశాల చట్టాల మధ్య సందులో పడిపోయేది మన అక్కచెల్లెళ్లే. మీ ఎంపీ ఈ నియమం ఉండాలంటారా, మార్చాలంటారా? విజిట్ వీసా ఏజెంట్ల మీద ఎన్ని కేసులు పెట్టారని అడిగారా?

*మూడు, కొత్త వలస చట్టం.* ఇప్పటికీ మనల్ని నడిపిస్తున్నది 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం. దాని స్థానంలో కొత్త చట్టం కోసం 2021లో ఒక ముసాయిదా, 2025లో ఇంకొకటి ప్రజల అభిప్రాయానికి పెట్టారు. కొత్త చట్టంలో ఏముండాలో మీ ఎంపీ ఏమైనా చెప్పారా?

*నాలుగు, రాష్ట్రం ఇస్తామన్నది.* తెలంగాణ ప్రభుత్వం 2024 సెప్టెంబర్‌లో, గల్ఫ్ దేశాల్లో చనిపోయిన కార్మికుల కుటుంబానికి 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ఇచ్చేలా జీవో ఇచ్చింది. 2023 డిసెంబర్ 7 నుంచి జరిగిన మరణాలకు ఇది వర్తిస్తుంది. దరఖాస్తు జిల్లా కలెక్టర్‌కు పెట్టాలి. ఎమ్మెల్యేను అడగాల్సింది: మన నియోజకవర్గంలో ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, ఎంతమందికి డబ్బు అందింది? ఆంధ్రావాళ్లు ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీ సేవల గురించి ఇలాగే అంకెలతో అడగొచ్చు.

ఎంపీ ఏం చేయగలరు, ఏం చేయలేరు

ఎంపీ విదేశాంగ మంత్రికి, మస్కట్‌లోని రాయబారికి ఉత్తరం రాయగలరు. మీ మదద్ ఫిర్యాదు ఎక్కడ ఆగిందో అడగగలరు. సభలో ప్రశ్న వేయగలరు, జీరో అవర్‌లో లేవనెత్తగలరు, లోక్‌సభలో 377 నిబంధన కింద చదివి వినిపించగలరు. 2023లో పంజాబ్‌కు చెందిన రాజ్యసభ సభ్యుడు విక్రమ్‌జీత్ సింగ్ సాహ్నీ, ఏజెంట్ల మోసంతో ఒమన్‌లో చిక్కుకున్న పంజాబీ మహిళలను మన ఎంబసీ సాయంతో ఇంటికి చేర్చే పని చేపట్టారు. ఎంపీ తలుచుకుంటే కొంత పని జరుగుతుందనడానికి అది సాక్ష్యం.

కానీ ఎంపీ ఒమన్ కోర్టుకు ఆర్డర్ ఇవ్వలేరు. కఫీల్ పెట్టిన కేసును ఢిల్లీ నుంచి కొట్టేయించలేరు. ఏటా వచ్చే 5 కోట్ల ఎంపీ నిధులతో మీకు విమానం టికెట్ కొనలేరు. ఆ డబ్బు ఊరికి పనికొచ్చే పనులకే గాని ఒక మనిషి సొంత అవసరానికి వాడకూడదు. అందుకని ఇక్కడ కార్మిక మంత్రిత్వ శాఖలో ఫిర్యాదు, ఎంబసీలో ఫిర్యాదు ముందు పడాలి. ఎంపీ ఉత్తరం వాటికి తోడుగా వెళ్లాలి. వాటి బదులుగా కాదు.

ఉత్తరం ఇలా రాయండి

నిజ్వాలో ఒక ఇంట్లో పనిచేసే అక్కకు ఐదు నెలల జీతం ఆగింది. ఊళ్లో ఆమె తమ్ముడు ఎంపీ ఆఫీసుకు మూడుసార్లు పోయి ‘మా అక్క ఒమన్‌లో కష్టాల్లో ఉంది’ అని చెప్పి వచ్చాడు. కదలిక లేదు. అక్కడున్న పీఏ మాత్రం ఏం చేస్తాడు? పాస్‌పోర్టు నంబరు లేదు, యజమాని పేరు లేదు. నాలుగోసారి ఒక పేజీ ఉత్తరం, మదద్ నంబరు పట్టుకుని వెళ్లాడు. వారంలో ఎంబసీకి ఎంపీ లెటర్‌హెడ్ మీద ఉత్తరం వచ్చింది. మూడు నెలల జీతం, పాస్‌పోర్టు చేతికొచ్చాయి, ఆమె ఇల్లు చేరింది. మిగతా రెండు నెలల జీతం రాలేదు. ఉత్తరం మంత్రదండం కాదు. కానీ మూడుసార్లు తిరిగితే కానిది ఒక్క కాగితంతో కదిలింది.

ఆ కాగితంలో ఉండాల్సినవి ఇవి:

– మీ పేరు, ఊరు, మండలం, అసెంబ్లీ, పార్లమెంటు నియోజకవర్గాలు.
– పాస్‌పోర్టు నంబరు, బతాకా నంబరు, ఇక్కడి ఫోను.
– యజమాని లేదా కంపెనీ పేరు, పనిచేసే ఊరు.
– ఏం జరిగింది, ఏ తేదీ నుంచి, ఎన్ని నెలలు, ఎన్ని రియాళ్లు.
– ఇప్పటిదాకా ఎక్కడెక్కడ ఫిర్యాదు పెట్టారు, తేదీ, నంబరు.
– ఎంపీ చేయాల్సిన ఒక్క పని.

నమూనా చూడండి:

‘గౌరవనీయ ఎంపీ గారికి, నమస్కారం. మాది మీ నియోజకవర్గంలోని ఫలానా మండలం, ఫలానా గ్రామం. మా అన్న ఒమన్ దేశం నిజ్వాలో ఫలానా కంపెనీలో మేస్త్రీగా పనిచేస్తున్నాడు. ఫలానా నెల నుంచి నాలుగు నెలల జీతం, మొత్తం ఇన్ని రియాళ్లు ఇవ్వలేదు. ఫలానా తేదీన అక్కడి కార్మిక శాఖలో, ఫలానా తేదీన మదద్‌లో ఫిర్యాదు పెట్టాం, నంబర్లు కింద ఉన్నాయి. ఈ ఫిర్యాదు మీద తీసుకున్న చర్య తెలపాలని మస్కట్‌లోని భారత రాయబార కార్యాలయానికి మీరు లేఖ రాయాలని, ఆ లేఖ నకలు మాకు ఇప్పించాలని కోరుతున్నాం.’

చివరి మాట మరిచిపోకండి: నకలు. నకలు చేతిలో ఉంటే ఎంబసీ ఓపెన్ హౌస్‌కు వెళ్లినప్పుడు చూపించొచ్చు. మదద్ ఫిర్యాదు ఊళ్లోని కుటుంబసభ్యులు కూడా పెట్టొచ్చు. ఎంపీకి ఉత్తరం ఊళ్లో ఓటున్న అమ్మో, భార్యో, తమ్ముడో సంతకం పెట్టి ఆఫీసులో స్వయంగా ఇచ్చి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకుంటే ఇంకా మంచిది.

బీమా, వలస చట్టం లాంటి అందరి విషయమైతే టైము చూసి రాయాలి. లోక్‌సభలో ప్రశ్నకు కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సమావేశాలు మామూలుగా జనవరి చివర బడ్జెట్‌తో, జూలైలో వానాకాలంలో, నవంబర్–డిసెంబర్‌లో శీతాకాలంలో మొదలవుతాయి. వాటికి నెల ముందే మీ ఉత్తరం చేరాలి. పది మంది పది రకాలుగా కాకుండా పది మందీ ఒకే ప్రశ్న మీద సంతకాలు పెడితే బలం.

వీడియోల విషయంలో జాగ్రత్త

నాయకులకు వీడియో పెడితే పని అవుతుందని చాలామంది నమ్మకం. కొన్నిసార్లు నిజమే. 2024 జూలైలో కువైట్ ఎడారి నుంచి ఒక ఆంధ్ర కార్మికుడు ఏడుస్తూ పెట్టిన వీడియోకు మంత్రి నారా లోకేశ్ స్పందించారు, ఆ మనిషి ఇంటికి చేరాడు. కానీ వీడియో ఒక మనిషిని కాపాడితే కాపాడొచ్చు, అతని వెనక వచ్చేవాళ్లకు నియమం మార్చదు. ఇంకోటి, ఒమన్‌లో 2011 నాటి సైబర్ నేరాల చట్టం ఉంది. అనుమతి లేకుండా ఇతరుల ఫొటోలు, ఇంటి సంగతులు ఫోన్‌లో తీసి బయటపెడితే కేసు అవుతుంది. యజమాని ముఖం, ఇల్లు, బండి నంబరు చూపించకండి. ప్రాణం మీదికి వస్తే ముందు పోలీసులకు, ఎంబసీకి ఫోన్ చేయండి.

చివరగా ఓటు

2023 అక్టోబర్ 29న ఒమన్‌లో మజ్లిస్ అల్ షూరా ఎన్నికలు జరిగాయి. నిజ్వా ఒమనీలు ఫోన్ యాప్‌లో ఓటేశారు. ఆ ఓటు వాళ్ల దేశం వాళ్లది, మనకు ఉండదు. మన ఓటు మన ఊళ్లో ఉంది, కానీ వెళ్లి వేయాలి. 2011 నుంచి ప్రవాస భారతీయులు ఫారం 6ఎ నింపి పాస్‌పోర్టు చిరునామా ఉన్న చోట ఓటరుగా నమోదు కావొచ్చు. పోలింగ్ రోజు అసలు పాస్‌పోర్టు చూపించి స్వయంగా ఓటేయాలి. మన తరఫున ఇంకొకరు వేసే ప్రాక్సీ ఓటు బిల్లును 2018 ఆగస్టులో లోక్‌సభ ఆమోదించింది. రాజ్యసభ దాటకుండానే 2019లో అది మురిగిపోయింది.

2024 లోక్‌సభ ఎన్నికలకు దేశం మొత్తం మీద నమోదైన ప్రవాస ఓటర్లు లక్షా 19 వేలకు పైగా. అందులో సుమారు 89 వేలు ఒక్క కేరళవాళ్లే. వచ్చి ఓటేసినవాళ్లు మూడు వేల లోపు. కేరళ నాయకులు గల్ఫ్ గురించి ఎందుకంత మాట్లాడతారో ఈ అంకెల్లో కొంత తెలుస్తుంది. వాళ్లు ఓటేయకపోయినా జాబితాలో కనపడుతున్నారు. మన పేరు జాబితాలోనే లేకపోతే ఎంపీ లెక్కలో మనం ఎక్కడుంటాం?

ఈ శుక్రవారం రూములో నలుగురు కూర్చున్నప్పుడు మూడు పనులు చేయండి. మీ ఎంపీ పేజీ తెరిచి గల్ఫ్ మీద ఏం అడిగారో చూడండి. బీమాలో సహజ మరణం కలపాలన్న ఒక్క కోరికతో ఒక పేజీ ఉత్తరం రాసి అందరూ సంతకాలు పెట్టండి. ఫారం 6ఎ నింపండి. రాసిన ఉత్తరం నకలు, వచ్చిన జవాబు ఈ పత్రికకు పంపండి. ఏ నియోజకవర్గం నుంచి జవాబు వచ్చిందో, ఎక్కడి నుంచి రాలేదో మనమూ ఒక పద్దు పుస్తకం రాసి పెట్టుకుందాం.